తీగ మీద మాట: టెలిఫోన్ ప్రసారంలో అనలాగ్, డిజిటల్ పద్ధతులు – బళ్ళారి సరిహద్దు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

(స్మారకోపన్యాస పాఠం)

1. రెండు పద్ధతులు

టెలిఫోన్‌లో మాట ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరడానికి రెండు మార్గాలున్నాయి. గొంతు వల్ల గాలి ఒత్తిడిలో కలిగే హెచ్చుతగ్గులను అదే తీరున విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మార్చి తీగ మీద పంపడం మొదటిది. ఇది అనలాగ్ పద్ధతి. ఆ హెచ్చుతగ్గులను సమాన వ్యవధుల్లో కొలిచి, కొలతలను అంకెలుగా మార్చి, అంకెలను మాత్రమే పంపడం రెండోది. ఇది డిజిటల్ పద్ధతి. మొదటిదానిలో తీగ మీద ప్రయాణించేది గొంతు ఆకారం. రెండోదానిలో ప్రయాణించేది ఆ ఆకారపు లెక్క.

ఏ పద్ధతిలోనైనా కొంత నష్టం తప్పదు. తేడా అంతా ఆ నష్టం ఎక్కడ, ఎంత జరుగుతుందన్న దానిలోనే ఉంది. అనలాగ్ పద్ధతిలో నష్టం దారి పొడవునా పేరుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. డిజిటల్ పద్ధతిలో నష్టం మాటను అంకెలుగా మార్చేటప్పుడు ఒక్కసారి, ముందే తెలిసిన కొలతలో జరుగుతుంది. ఆ తర్వాత దారి ఎంత పొడవైనా దాదాపు అంతే ఉంటుంది. టెలిఫోన్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మార్పు మరొకటి లేదనవచ్చు. ఎందుకంటే దూరమనే పాత శత్రువును గెలిచింది ఈ మార్పే.

ఈ మార్పు విలువను గ్రహించడానికి బళ్ళారి వంటి సరిహద్దు జిల్లా తగిన చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు, అంతవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న పాత బళ్ళారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. బంధుత్వాలు, పత్తి, వేరుశనగ బేరాలు, పొలాల లావాదేవీలు మాత్రం సరిహద్దు గీతకు రెండు వైపులా మునుపటిలాగే సాగాయి. ఆ తర్వాత రాష్ట్ర సరిహద్దే టెలిఫోన్ సర్కిళ్ళ (టెలిఫోన్ శాఖ పాలనా విభాగాల) సరిహద్దు కూడా అయింది. బళ్ళారి (కోడ్ 08392), హోస్పేట (08394) కర్ణాటక సర్కిల్‌లోకి, గుంతకల్లు (08552), ఆదోని (08512) ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోకి వచ్చాయి. రైలులో గంట, గంటన్నర ప్రయాణమైన గుంతకల్లుకు బళ్ళారి నుంచి మాట్లాడాలన్నా అది దూరప్రాంతపు పిలుపే అయ్యేది.

2. టెలిఫోన్ మోసుకెళ్ళే గొంతు

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. టెలిఫోన్ అంత మొత్తాన్నీ మోయదు. మాట అర్థం కావడానికి, పలికే మనిషిని గుర్తుపట్టడానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న పట్టీ సరిపోతుందని నిర్ణయించి, పక్క పట్టీతో కలవకుండా కొంత ఎడం విడిచి, ఒక్కో సంభాషణకు 4,000 హెర్ట్జ్ కేటాయించారు.

దీని ఫలితాలు రోజువారీ మాటల్లో కనిపిస్తాయి. మగ గొంతు మూలస్వరం సాధారణంగా 100 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. అది టెలిఫోన్ పట్టీలోకి రాదు. పై స్వరాల అమరికను బట్టి లేని మూలస్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. ‘స’, ‘ఫ’ వంటి శబ్దాలను వేరు చేసే శక్తిలో పెద్ద భాగం 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, అది తెగిపోతుంది. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు చెప్పేటప్పుడు ‘ఎస్’, ‘ఎఫ్’ ఒకేలా వినిపించడానికి, పేర్లను ఒకటికి రెండుసార్లు చెప్పించుకోవలసి రావడానికి ఇదే కారణం. ఈ ఇరుకు పట్టీ అనలాగ్ కాలపు పొదుపు నుంచి వచ్చింది. డిజిటల్ టెలిఫోన్ కూడా చాలాకాలం దీనినే వారసత్వంగా మోసింది. కనుక డిజిటల్ అయినంత మాత్రాన గొంతు నాణ్యం పెరిగిపోయిందనుకోకూడదు. పెరిగింది ఆ నాణ్యం దూరాన్ని తట్టుకునే శక్తి.

3. అనలాగ్ ప్రసారం

తొలి దూరప్రాంత లైన్లు రైలు పట్టాల పక్కన, రోడ్ల పక్కన స్తంభాల మీద సాగిన బోడి తీగలు. తీగలో విద్యుత్తు నడిచేకొద్దీ సంకేతం క్షీణిస్తుంది. వాన పడితే పింగాణీ గుండ్ల మీది తడి గుండా కొంత కరెంటు కారిపోయి, క్షీణత ఇంకా పెరుగుతుంది. పక్కనే సాగే కరెంటు లైన్ల నుంచి గుంయిమనే మోత చేరుతుంది. పక్క జతలోని సంభాషణ సన్నగా ఇందులోకి చొరబడుతుంది. భూమిలో వేసిన కేబుళ్ళకు వాన బెడద తక్కువే. కానీ సన్నని తీగలు పక్కపక్కనే ఒరుసుకుని ఉండడంతో పై స్వరాలు త్వరగా నశిస్తాయి. దీనికి విరుగుడుగా మైఖేల్ పూపిన్ పేరుతో ప్రసిద్ధమైన లోడింగ్ కాయిళ్ళను కేబుల్‌లో 1.83 కిలోమీటర్లకు ఒకటి చొప్పున అమర్చేవారు.

క్షీణించిన సంకేతాన్ని పెంచడానికి మధ్యమధ్య ఆంప్లిఫయర్లు పెట్టాలి. అనలాగ్ పద్ధతి బలహీనత అక్కడే బయటపడుతుంది. ఆంప్లిఫయర్‌కు మాట ఏదో రొద ఏదో తెలియదు. తన దగ్గరికి వచ్చిన దానినంతా పెంచుతుంది. తన సొంత రొదను కూడా కొంత కలుపుతుంది. తర్వాతి ఆంప్లిఫయర్ ఆ రెండింటినీ కలిపి పెంచుతుంది. సమానమైన మజిలీలు పది ఉంటే రొద శక్తి పదిరెట్లు, నూరు ఉంటే నూరురెట్లు. ఒకసారి మాటలో కలిసిన రొదను తర్వాత ఏ యంత్రమూ పూర్తిగా విడదీయజాలదు.

ఒకే తీగ మీద ఎక్కువ సంభాషణలు పంపడానికి అనలాగ్ ఇంజినీర్లు అద్భుతమైన ఉపాయం కనిపెట్టారు. ఒక్కో గొంతును వేరువేరు పౌనఃపున్యాల స్థానానికి ఎత్తి, 4 కిలోహెర్ట్జ్ ఎడంతో వరుసగా పేర్చడం ఆ ఉపాయం. 12 గొంతులు 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ వరకు పేరిస్తే ఒక గ్రూపు. అలాంటి అయిదు గ్రూపులు కలిస్తే 60 గొంతుల సూపర్ గ్రూపు. దాని స్థానం 312 నుంచి 552 కిలోహెర్ట్జ్. పదహారు సూపర్ గ్రూపులతో ఒక కోయాక్సియల్ గొట్టం మీద 960 సంభాషణలు నడిచేవి. మైక్రోవేవ్ టవర్ల మీదా ఇదే అమరిక. దీనికి అత్యంత కచ్చితమైన ఫిల్టర్లు కావాలి. ఆంప్లిఫయర్ ఏ కొంచెం వంకరగా పనిచేసినా ఒక సంభాషణ మరొకదానిలోకి పాకుతుంది. ఎండకు, చలికి తీగ గుణం మారుతుంది కాబట్టి స్థాయిలను నిరంతరం సరిచూస్తూ ఉండాలి. ఆ పనిలో జీవితాలు గడిపిన ట్రాన్స్‌మిషన్ సిబ్బంది నైపుణ్యం గౌరవించదగినది. 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఈ రకం పరికరాలను దేశంలోనే తయారుచేసి అందించింది.

లైన్లు కొద్ది, ఖర్చు ఎక్కువ. అందువల్ల దూరపు పిలుపు రేషన్ సరుకైంది. 180కి ఫోన్ చేసి ట్రంకు కాల్ బుక్ చేయవలసి వచ్చేది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అనే తరగతుల్లో ఒకటి ఎంచుకోవలసి వచ్చేది. ఆపరేటర్ పిలిచేదాకా ఫోన్ దగ్గరే కాచుకోవలసి వచ్చేది. చందాదారు తానే నంబరు తిప్పుకునే ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలై, మిగతా పట్టణాలకు క్రమంగా విస్తరించింది.

4. మాట అంకెలుగా మారే తీరు

మాటను అంకెలుగా పంపవచ్చన్న ఆలోచన అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజినీరుది. ఆయన పారిస్‌లోని ఒక ప్రయోగశాలలో పనిచేస్తూ 1937లో దీనిని ఊహించి, 1938లో ఫ్రెంచి పేటెంటు తీసుకున్నాడు. పల్స్ కోడ్ మాడ్యులేషన్, పొట్టిగా పీసీఎం, దాని పేరు. వాల్వుల కాలంలో ఇది ఖరీదైన కల. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చాకే ఆచరణలోకి రాగలిగింది. 1962లో అమెరికాలో బెల్ సంస్థ 24 గొంతుల పీసీఎం వ్యవస్థను వాడుకలోకి తెచ్చింది.

ఈ మార్పిడిలో మూడు దశలున్నాయి.

మొదటిది శాంపిల్ తీయడం. ఒక సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా వేగంగా కొలతలు తీసుకుంటే, ఆ కొలతల నుంచి అసలు సంకేతాన్ని తిరిగి పూర్తిగా గీయవచ్చు. నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద షానన్ దీనిని స్థిరపరిచాడు. టెలిఫోన్ గొంతు హద్దు 3,400 హెర్ట్జ్, రెట్టింపు 6,800. ఫిల్టర్‌కు కొంత వెసులుబాటు ఉంచి సెకనుకు 8,000 కొలతలు ఖాయం చేశారు. అంటే ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒకటి. రెండు కొలతల నడుమ విడిచిపెట్టిన భాగం వల్ల నష్టమేమీ లేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

రెండోది ప్రతి కొలతను ముందే నిర్ణయించిన మెట్లలో దగ్గరి మెట్టుకు సర్దడం. నష్టం ఇక్కడే జరుగుతుంది. అసలు విలువకు, సర్దిన విలువకు మధ్య తేడా సన్నని రొదలా మిగులుతుంది. మెట్లను సమాన ఎత్తులో పెడితే పెద్ద గొంతు బాగా వినిపించి మెల్లని గొంతు పాడవుతుంది. అందుకని తక్కువ స్థాయిల దగ్గర మెట్లను దగ్గరదగ్గరగా, ఎక్కువ స్థాయిల దగ్గర దూరదూరంగా అమరుస్తారు. ఐరోపాతో పాటు భారతదేశం అనుసరించిన ఈ అమరిక పేరు ఏ-లా. దీనితో గుసగుసలకూ కేకలకూ దాదాపు ఒకే నాణ్యం దక్కుతుంది.

మూడోది మెట్టు సంఖ్యను ఎనిమిది బిట్లతో, అంటే ఎనిమిది సున్నా-ఒకటి అంకెలతో, రాయడం. ఎనిమిది బిట్లతో 256 మెట్లు గుర్తించవచ్చు. సెకనుకు 8,000 కొలతలు, కొలతకు 8 బిట్లు. మొత్తం సెకనుకు 64,000 బిట్లు. ప్రపంచమంతటా డిజిటల్ టెలిఫోన్‌కు ప్రమాణంగా నిలిచిన 64 కిలోబిట్ల లెక్క ఇదే.

సంభాషణలను కలిపి పంపే తీరు కూడా మారింది. అనలాగ్ పద్ధతి వాటిని పౌనఃపున్యాల్లో పక్కపక్కన పేర్చింది. డిజిటల్ పద్ధతి కాలంలో ఒకదాని వెనుక ఒకటి పేరుస్తుంది. 125 మైక్రోసెకన్ల వ్యవధిని 32 గడులుగా విభజిస్తారు. అందులో 30 గడులు గొంతులకు, ఒకటి వరుస తప్పకుండా చూసే గుర్తుకు, మరొకటి డయల్ చేసిన అంకెల వంటి సిగ్నలింగ్‌కు. 32 గడులు, గడికి 8 బిట్లు, సెకనుకు 8,000 వరుసలు: మొత్తం సెకనుకు 20,48,000 బిట్లు. దీనినే రెండు మెగాబిట్ల ధార అంటారు. ఇందుకు సున్నితమైన ఫిల్టర్ల బారులు అక్కర్లేదు. కచ్చితమైన గడియారం ఉంటే చాలు.

5. నష్టం పేరుకోకపోవడానికి కారణం

తీగ మీద డిజిటల్ సంకేతం కూడా క్షీణిస్తుంది. దానిలోనూ రొద కలుస్తుంది. కానీ మధ్యలో ఉండే యంత్రం ఆంప్లిఫయర్ కాదు, రీజనరేటర్. వచ్చిన సంకేతాన్ని అది యథాతథంగా పెంచదు. సరైన క్షణంలో చూసి, అక్కడ పల్స్ ఉందా లేదా అని మాత్రమే తేల్చుకుంటుంది. ఉందని తేలితే సరికొత్త పల్స్ తయారుచేసి పంపుతుంది. రొద అక్కడితో ఆగిపోతుంది. చెదపురుగులు తిన్న తాళపత్రాన్ని చూసి కొత్త ఆకు మీద రాసే లేఖకుడు అక్షరాన్ని గుర్తుపట్టగలిగితే చాలు; పాత ఆకు మీది మరకలు, చిరుగులు కొత్త ప్రతిలోకి రావు. అదే ఒక బొమ్మకు నకలు తీయవలసి వస్తే ఏది గీత, ఏది మరక అన్న సందేహం ప్రతి నకలులోనూ పెరుగుతుంది. అక్షరాల సంఖ్య పరిమితం కావడమే ప్రతిని కాపాడుతుంది. డిజిటల్ సంకేతాన్ని కాపాడేదీ ఆ పరిమితే.

దీనిని లెక్కతో చూడవచ్చు. బళ్ళారి, గుంతకల్లు మధ్య ఉన్న సుమారు 50 కిలోమీటర్ల దూరాన్ని ఊహకు తీసుకుని, కేబుల్ మీద 1.83 కిలోమీటర్లకు ఒక మజిలీ చొప్పున పెడితే 27 మజిలీలు. ఒక్కో మజిలీలో మాట రొదకన్నా 50 డెసిబెళ్ళు (శక్తి నిష్పత్తిని లాగరిథమ్‌లో చెప్పే కొలత) పైన ఉందనుకుంటే, అనలాగ్ లైన్‌లో 27 మజిలీల తర్వాత ఆ తేడా 36కి దిగుతుంది. బళ్ళారి నుంచి బెంగళూరుకు, అంటే సుమారు 300 కిలోమీటర్లకు, ఇదే ఎడంతో 164 మజిలీలు; తేడా 28కి పడిపోతుంది. ఇక డిజిటల్ లైన్‌లో ఒక్కో రీజనరేటర్ వంద కోట్ల బిట్లకు ఒకటి తప్పుగా చదువుతుందనుకుందాం. 27 రీజనరేటర్ల తర్వాత ఒక సంభాషణలో సుమారు పది నిమిషాలకు ఒక బిట్టు తప్పుతుంది. 164 తర్వాత ఒకటిన్నర నిమిషానికి ఒకటి. అలాంటి తప్పు చెవికి సన్నని టిక్కుమన్న చప్పుడుగా వినిపిస్తే వినిపించవచ్చు, లేకపోతే లేదు. పైగా ఈ స్థితిలో సంకేతాన్ని ఒక్క డెసిబెల్ మెరుగుపరిస్తే తప్పులు పదిరెట్లకు పైగా తగ్గుతాయి. అనలాగ్ లైన్‌లో ఒక డెసిబెల్ మెరుగుదలతో దక్కేది ఆ ఒక డెసిబెల్ మాత్రమే.

1.83 కిలోమీటర్ల ఎడం ఊరికే ఎంచుకున్నది కాదు. పాత కేబుళ్ళలో లోడింగ్ కాయిళ్ళున్న గుంతల్లోనే, వాటిని తీసి రీజనరేటర్లు అమర్చారు. కేబుల్ అదే, గుంతలూ అవే. ఒక గొంతును మోసే రెండు జతల తీగలు ముప్ఫై గొంతులను మోయసాగాయి.

6. భారతదేశంలో మార్పు

భారతదేశంలో మొదటి పీసీఎం వ్యవస్థ 1975లో బొంబాయి నగరానికి, అంధేరికి మధ్య నడిచింది. 1979లో పుణేలో మొదటి ఆప్టికల్ ఫైబర్ లింకు వచ్చింది. అయితే ప్రసారం ఒక్కటే డిజిటల్ అయితే సగం ఫలితమే దక్కుతుంది. ఎక్స్ఛేంజీ అనలాగ్‌గా ఉన్నంతకాలం అంకెలు ప్రతి ఎక్స్ఛేంజీ గుమ్మంలో మళ్ళీ గొంతుగా మారాలి. అవతల తిరిగి అంకెలు కావాలి. మార్చిన ప్రతిసారీ మెట్లకు సర్దే నష్టం ఇంకోసారి జరుగుతుంది.

ఆ కొరత తీరాలంటే ఎక్స్ఛేంజీ కూడా డిజిటల్ కావాలి. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఈ పనిని భారతీయ పరిస్థితులకు తగ్గట్టు చేపట్టింది. దాని 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేయడం మొదలుపెట్టింది. ఎయిర్ కండిషనర్ లేని గదిలో, దుమ్ములో, ఎండలో నడిచేలా రూపొందించిన యంత్రమది. వేసవిలో 40 డిగ్రీలు దాటే బళ్ళారి, అనంతపురం, కర్నూలు పల్లెలకు అలాంటి యంత్రమే పనికొస్తుంది. ఎక్స్ఛేంజీ, లైను రెండూ డిజిటల్ అయ్యాక గొంతు ఒక్కసారి అంకెలై, అవతలి కొసలో ఒక్కసారే మళ్ళీ గొంతు అవుతుంది. పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు చిన్న ఊళ్ళలో వెలిసినది ఈ దశలోనే.

ఆప్టికల్ ఫైబర్ వచ్చాక రెండు మెగాబిట్ల ధారలు వందలు, వేలుగా కలిసి ఒక గాజుపోగులో సాగాయి. రీజనరేటర్ల ఎడం రెండు కిలోమీటర్ల లోపు నుంచి పదుల కిలోమీటర్లకు పెరిగింది. గాజుకు కరెంటు లైన్ల మోత అంటదు. పక్క పోగు మాటలు చేరవు.

7. దూరం, ధర, సరిహద్దు

అనలాగ్ లైన్‌లో ప్రతి కిలోమీటరూ ఖర్చే, ప్రతి కిలోమీటరూ నష్టమే. కాల్ ధరను దూరపు అంచెలను బట్టి నిర్ణయించడానికి ఈ సాంకేతిక కారణం కూడా ఉండేది. డిజిటల్ ఫైబర్‌లో ఒక సంభాషణకు పడే అదనపు ఖర్చు చాలా తక్కువ. దూరంతో అది పెద్దగా మారదు. ధరలు మాత్రం వెంటనే మారలేదు. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ ‘వన్ ఇండియా’ పథకంలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి అని ప్రకటించినప్పుడు, తీగల్లో ఎప్పుడో జరిగిన మార్పు బిల్లులోకి వచ్చింది. ఆ పథకం తీసుకున్న బళ్ళారి ఇంటికి ఆదోని, అనంతపురం, బెంగళూరు ఒకే దూరమయ్యాయి.

సర్కిల్ సరిహద్దు మరికొంతకాలం నిలిచింది. మొబైల్ లైసెన్సులు సర్కిళ్ళ వారీగా ఇచ్చినందువల్ల, గీత దాటగానే రోమింగ్ ఛార్జీలు పడేవి. ఇది పాలనా నిర్ణయం తెచ్చిన భారం. సాంకేతిక అవసరం కాదు. తెలుగైనా కన్నడమైనా బిట్లు ఒకటే. యంత్రాలు గుర్తించని గీతను పాలన గుర్తిస్తే దాని ధర చెల్లించేది సరిహద్దు ప్రజలే. రోమింగ్ భారం తొలగిపోవడం వారికి ఆలస్యంగా దక్కిన న్యాయం.

8. డిజిటల్ పద్ధతి పరిమితులు

డిజిటల్ పద్ధతికీ లోపాలున్నాయి. అనలాగ్ లైను మెల్లమెల్లగా చెడిపోతుంది. రొద పెరిగినా గొంతు పెంచి పని జరుపుకోవచ్చు. డిజిటల్ సంకేతం ఒక హద్దు వరకు నిర్మలంగా ఉండి, హద్దు దాటగానే ముక్కలుముక్కలై ఒక్కసారిగా ఆగిపోతుంది.

రెండోది ఆలస్యం. పీసీఎం లైన్‌లో ఇది స్వల్పం. మొబైల్‌లో గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి కుదించి పంపుతారు. ఇంటర్నెట్ కాల్‌లో పొట్లాలుగా కట్టి పంపుతారు. ఇలా మాట ఆలస్యమైతే ప్రతిధ్వని ఇబ్బంది పెడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఒకేసారి ఆగడం ఎదురవుతుంది. దీనికి ఎకో క్యాన్సలర్లు తప్పనిసరి.

మూడోది కుదింపు. తొలి జీఎస్ఎం మొబైల్ 64 కిలోబిట్ల గొంతును 13 కిలోబిట్లకు కుదించింది. మాట అర్థమవుతుంది కానీ వెనుక వినిపించే నాదస్వరమో డప్పో చెదిరిపోతుంది. 4జీ కాల్స్‌లో వాడే విశాల పట్టీ పద్ధతి 50 నుంచి 7,000 హెర్ట్జ్ వరకు మోస్తుంది. దీనిలో ‘స’, ‘ఫ’ల తేడా స్పష్టంగా వినిపిస్తుంది.

నాలుగోది విద్యుత్తు. రాగి తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచే 48 వోల్టులు అందేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబర్ ఫోన్‌కు, మొబైల్ టవర్‌కు వేరే ఆధారం కావాలి. తుఫానులు, వరదల వేళ ఈ తేడా ప్రాణాల మీదికి రావచ్చు కనుక టవర్లకు బ్యాటరీ, జనరేటరు సదుపాయం ప్రజాభద్రతలో భాగంగా చూడాలి.

9. నిలిచి ఉన్న అనలాగ్

అనలాగ్ పూర్తిగా తొలగిపోలేదు, తొలగిపోదు కూడా. ఇంటికీ ఎక్స్ఛేంజీకీ మధ్య రాగి జత చివరిదాకా అనలాగ్‌గానే ఉంది. కంప్యూటర్లు తొలినాళ్ళలో ఇంటర్నెట్‌ను అందుకున్నది ఆ జత మీదే, మోడెమ్‌తో; గొంతు కోసం నిర్ణయించిన ఇరుకు పట్టీ, ఎనిమిది బిట్ల మెట్లు దాని వేగాన్ని 56 కిలోబిట్ల దగ్గర కట్టేశాయి. మొబైల్ టవర్ పంపే రేడియో తరంగం, ఫైబర్‌లోని కాంతి స్వభావరీత్యా అనలాగ్‌వే. వాటి మీద అంకెలను ఎక్కిస్తారు. అవి క్షీణిస్తాయి, చెదురుతాయి. వాటిని అర్థం చేసుకోవడానికి అనలాగ్ విద్య నేటికీ అవసరమే. మైక్, స్పీకర్, గొంతు, చెవి ఎలాగూ అనలాగే.

కాబట్టి ఈ రెండు పద్ధతులను పోటీదారులుగా కాక, పని పంచుకున్నవిగా చూడడం సరైనది. ప్రకృతిని తాకే కొసల దగ్గర అనలాగ్ ఉండక తప్పదు. దూరం నడవవలసిన చోట డిజిటల్‌దే పైచేయి. ఎందుకంటే అది నష్టాన్ని మొదట్లోనే తెలిసిన కొలతలో భరించి, ప్రతి మజిలీలో సంకేతాన్ని మళ్ళీ కొత్తగా మొదలుపెడుతుంది. ట్రంకు కాల్ కోసం గంటలు కాచుకున్న సరిహద్దు పట్టణాలు పక్క రాష్ట్రంతో పక్కింటితో మాట్లాడినట్టు మాట్లాడగలగడానికి ఆధారం ఈ సూత్రమే.